ఎండను దాచుకునే గాదె

సూర్యుడు పగలు కాస్తాడు, దీపం మనకు రాత్రి కావాలి. పండిన ధాన్యానికి గాదె ఎలాగో సౌరవిద్యుత్తుకు బ్యాటరీ అలాగ. మా వైపు పంట డబ్బుతో కొన్న బ్యాటరీలు రెండు వేసవులైనా గడవకుండా మూలపడడం చూశాను. అందుకు కారణం మన కెమిస్ట్రీ పాఠంలోనే ఉంది.

1859లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గాస్టన్ ప్లాంటే సీసపు బ్యాటరీని కనిపెట్టాడు. ఇందులో ఒక పలక సీసం, రెండోది లెడ్ డయాక్సైడ్, నడుమ సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం. కరెంటు వాడేకొద్దీ రెండు పలకల మీదా లెడ్ సల్ఫేట్ ఏర్పడుతుంది, ఆమ్లం పలచబడుతుంది. ఛార్జి చేస్తే ఈ చర్య వెనక్కి జరుగుతుంది. ఖాళీ బ్యాటరీని రోజుల తరబడి వదిలేస్తే ఆ సల్ఫేట్ గట్టి స్ఫటికాలు కడుతుంది. తర్వాత ఎంత ఛార్జి చేసినా పూర్తిగా కరగదు.

ఇక ఎంపిక. కారు బ్యాటరీ పలకలు పలచన. ఇంజను స్టార్టు చేయడానికి కాసేపు పెద్ద కరెంటు ఇవ్వడమే దాని పని. రోజూ వాడకానికి ట్యూబులర్ రకం కావాలి. సైజుకి లెక్క ఇది: 9 వాట్ల డి.సి. బల్బులు రెండు, 5 గంటలు: 90 వాట్-అవర్లు. 30 వాట్ల డి.సి. ఫ్యాను 7 గంటలు: 210. మొత్తం 300. దాన్ని 12 వోల్టులతో భాగిస్తే 25 ఆంపియర్-అవర్లు. మబ్బు పట్టే రోజుల కోసం రెండింతలు చేస్తే 50. సగానికి మించి వాడకూడదు గనుక 100. నష్టాలు కూడా కలుపుకొని 120 కొనడం మేలు.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకానికి నీళ్ళు పోయనక్కర్లేదు, 80 శాతం దాకా వాడుకోవచ్చు. కానీ మొదట పెట్టే ఖర్చు ఎక్కువ, ఛార్జి కంట్రోలరు కూడా దానికి తగ్గదై ఉండాలి.

సంరక్షణ సూత్రాలు:

1. డిస్టిల్డ్ వాటరే పోయాలి. బోరు నీళ్ళలోని లవణాలు పలకలను పాడుచేస్తాయి. తగ్గేది నీరే, ఆమ్లం కాదు. కాబట్టి ఆమ్లం పోయరాదు.

2. నెలకోసారి హైడ్రోమీటరుతో చూడాలి. ఫుల్ ఛార్జిలో విశిష్ట సాంద్రత, తయారీని బట్టి, 1.24 నుంచి 1.28 దాకా ఉంటుంది. 1.15కి దిగితే అడుగంటుతున్నట్టే.

3. బ్యాటరీని నీడలో, గాలి ఆడేచోట పెట్టాలి. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సుమారు సగమవుతుంది. ఛార్జి అయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది. దగ్గర బీడీ వెలిగించరాదు.

4. టెర్మినళ్ళు తుడిచి వాజలీను రాయాలి.

మనం ల్యాబులో రికార్డు కోసం కొలిచే విశిష్ట సాంద్రత పల్లెలో ఒక ఇంటి దీపాన్ని మరి నాలుగేళ్ళు నిలపగలదు. సెలవులకు ఊరెళ్ళే మిత్రులారా, ఒక హైడ్రోమీటరు వెంట తీసుకెళ్ళండి. చూడడం ఎలాగో ఇంట్లోవాళ్ళకీ నేర్పండి.