ఛార్జి ఎక్కని బాటరీ

అమ్మాయి చదువుకని అనకాపల్లిలో పాత లాప్‌టాప్ కొని కొండకర్ల తెచ్చాం అనుకోండి. ఛార్జి ఎక్కట్లేదు! వెంటనే కొత్త బాటరీ కొనేయకండి. అదేమీ చిన్న ఖర్చు కాదు.

ముందు అదే ప్లగ్గులో సెల్‌ఫోను పెట్టి చూడండి. ఫోను ఎక్కితే కరెంటు ఉన్నట్టే. తర్వాత ఛార్జరు. దానిమీద వోల్టుల అంకె ఉంటుంది. లాప్‌టాప్ అడుగున రాసిన అంకె, ఇదీ ఒకటేనా? అంకెలు మనకి వచ్చు కదా!

కొన్ని లాప్‌టాప్‌లు 80 శాతం దగ్గర ఆగేలా పెట్టి ఉంటాయి. అది జబ్బు కాదు.

బాటరీ ఊడే రకమైతే, లాప్‌టాప్ ఆపి, బాటరీ తీసి, ఛార్జరుతోనే నడపండి. నడిచిందా? ఛార్జరు మంచిదే. బాటరీ మీదే అనుమానం.

బాటరీ ఉబ్బితే మాత్రం ఇక ఛార్జి పెట్టొద్దు. నొక్కొద్దు, గుచ్చొద్దు. అందులో లిథియం ఉంటుంది. మంట అంటుకోవచ్చు. పొయ్యిలోనో, మన ఆవలోనో పడేయకండి. బాగుచేసే షాపులో ఇచ్చేయండి.