హైబ్రిడ్ బండి బ్యాటరీ ఎప్పుడు మార్చాలి? (ప్రశ్నలు - జవాబులు)

ప్రశ్న: అన్నా, దుబాయ్‌ల ట్యాక్సీ నడిపి ఊరికొచ్చిన. అక్కడ నడిపింది క్యామ్రీ హైబ్రిడే, ఆ బండంటే మనసు. అందుకే హైదరాబాద్‌ల 2014 మోడల్ సెకండ్ హ్యాండ్‌ల తీసుకున్న. లక్షా నలభై వేల కిలోమీటర్లు తిరిగింది. లీటరుకు 17 ఇచ్చేది ఇప్పుడు 13 దాటుత లేదు. సిరికొండ నుంచి ఇందల్వాయి పోయేలోపే బ్యాటరీ గీతలు నిండుతయి, మళ్ల రెండుకు పడిపోతయి. హెచ్చరిక లైటు మాత్రం వెలుగుత లేదు. మెకానిక్ 'బ్యాటరీ పోయినట్టే, ఇప్పుడే మార్చు' అంటుండు. షోరూంల చెప్పిన ధర బండి రేటుల సగం ఉన్నది. మార్చాల్నా, ఆగాల్నా?
– ఒక పాఠకుడు, సిరికొండ

జవాబు: తమ్ముడూ, ఇప్పుడే మార్చకండి. మైలేజీ తగ్గిందన్న ఒక్క కారణంతో బ్యాటరీ మార్చిన వాళ్లెవరికీ ఆ డబ్బు తిరిగి రాదు. లెక్క చూడండి. ఏడాదికి 12 వేల కిలోమీటర్లు తిరుగుతారనుకుందాం. లీటరుకు 17 వస్తే 706 లీటర్లు, 13 వస్తే 923 లీటర్లు. తేడా 217 లీటర్లు. లీటరు 108 రూపాయలనుకుంటే ఏడాదికి సుమారు 23 వేలు. షోరూం వాళ్లు చెప్పిన ధరను ఈ 23 వేలతో భాగించండి, ఎన్నేళ్లకు తేరుతుందో మీకే తెలుస్తుంది. బ్యాటరీ మార్చడానికి అసలు కారణం పెట్రోలు కాదు, బండి దారిలో నిలిచిపోవడం. క్యామ్రీలో ఇంజిన్‌ను తిప్పడానికి వేరే స్టార్టర్ మోటారు ఉండదు, ఆ పనీ హైబ్రిడ్ బ్యాటరీదే. అది పూర్తిగా పోతే, ట్యాంకు నిండా పెట్రోలున్నా బండి కదలదు. ఇక్కడ 2008లో వచ్చిన హోండా సివిక్ హైబ్రిడ్‌కైతే మామూలు స్టార్టర్ కూడా ఉండేది కాబట్టి ఇల్లు చేరే వీలుండేది. మీ బండికి ఆ వెసులుబాటు లేదు. కాబట్టి నిర్లక్ష్యమూ వద్దు.

మొదట చేయాల్సింది ఖర్చు లేని పని. వెనక సీటు దగ్గర జాలీలాంటి రంధ్రం ఉంటుంది. బ్యాటరీని చల్లబరిచే ఫ్యాను బండి లోపలి గాలినే అక్కడి నుంచి పీల్చుకుంటుంది. మన దుమ్ము రోడ్ల మీద ఆ ఫ్యాను రెక్కలకు మట్టి, నూగు పట్టేసి గాలి సగం కూడా అందదు. బ్యాటరీ వేడెక్కితే కంప్యూటర్ దాని వాడకం తగ్గించి ఇంజిన్‌నే ఎక్కువ నడిపిస్తుంది, మైలేజీ పడిపోతుంది. సర్వీసింగ్‌లో ఆ ఫ్యానును విప్పించి శుభ్రం చేయించండి. సామాన్లు, దుప్పట్లు ఆ జాలీకి అడ్డం పెట్టకండి. ఇంకో మాట, ఎండాకాలంలో పెట్రోలు మిగులుతుందని ఏసీ బంద్ చేస్తుంటారు చాలామంది. బయట 44 డిగ్రీలున్నప్పుడు మీరు అద్దాలు దించి పోతుంటే బ్యాటరీ కూడా ఆ వడగాలినే పీలుస్తుంది. మే నెలలో ఏసీ మీకోసం కాకపోయినా బ్యాటరీ కోసం వేయండి.

దుబాయ్ ఎండలో అన్ని ట్యాక్సీలు తిరుగుతుంటే మన దగ్గర బ్యాటరీ ఎందుకు పోతుందని మీకు అనుమానం రావచ్చు. అక్కడి ట్యాక్సీ రాత్రింబవళ్లు తిరుగుతుంది, ఏసీ ఆగదు, సర్వీసింగ్ తప్పదు, వయసు మీరకముందే బండిని తీసేస్తారు. ఆ బండ్లు కిలోమీటర్ల పరీక్ష నెగ్గాయి. మీ బండి ఎదుర్కొంటున్నది ఏళ్ల పరీక్ష. నడిచినా నడవకపోయినా బ్యాటరీలోని నికెల్ సెల్లు ముసలిదవుతూనే ఉంటుంది.

ఫ్యాను శుభ్రం చేయించాక, టైర్లలో గాలి సరిచూసుకున్నాక అసలు పరీక్ష చేయించండి. మీ బండి బ్యాటరీలో 7.2 వోల్టుల మాడ్యూళ్లు (సెల్లుల గుత్తులు) 34 ఉంటాయి. మొత్తం 244.8 వోల్టులు. కంప్యూటర్ వాటిని రెండేసి చొప్పున 17 జతలుగా చూస్తుంది. స్కానర్ తగిలించి, బండి నడుస్తుండగానే 17 జతల వోల్టేజీ చూడాలి. నిలబెట్టి చూస్తే అన్నీ బాగానే కనిపిస్తాయి. ఎత్తు ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే అన్నీ కలిసి దిగాలి, బ్రేకు వేస్తే కలిసి ఎక్కాలి. ఒక్క జత మిగతావాటికంటే ఒక వోల్టో, అంతకన్నా ఎక్కువో కిందికి జారుతుంటే అక్కడ సెల్లు పోయిందని అర్థం. ఉష్ణోగ్రత కూడా చూడమనండి. 45 డిగ్రీలు దాటి అక్కడే నిలబడుతుంటే గాలి అందడం లేదు. ఈ రీడింగుల కాగితం చేతికివ్వకుండా 'పోయింది' అనే మెకానిక్ మాట మీద డబ్బు పెట్టకండి.

రీడింగులు కలిసి నడుస్తుంటే నిశ్చింతగా వాడుకోండి, ఆరు నెలలకోసారి మళ్లీ చూపించండి. ఒక జత జారుతుంటే డబ్బు సమకూర్చుకోవడం మొదలుపెట్టండి, రాత్రిపూట దూర ప్రయాణాలు మానండి. త్రికోణం హెచ్చరిక లైటు వెలిగి, స్కానర్‌లో పీ0ఏ80 అనే కోడ్ వస్తే ఇక వాయిదా వద్దు. ఆ కోడ్‌ను చెరిపించుకుంటూ తిరిగేవాళ్లున్నారు. చివరికి వాళ్ల బండి హైవే మీద, ఇంటిల్లిపాదీ లోపల ఉండగా ఆగుతుంది.

అప్పుడు మార్చాలా, అమ్మాలా? మీ ఆర్‌సీ గడువు చూసుకోండి. 2014లో రిజిస్టరైన బండికి 15 ఏళ్లు 2029తో నిండుతాయి. ఆ తర్వాత ఫిట్‌నెస్ పరీక్ష, గ్రీన్ ట్యాక్స్, ఐదేళ్లకోసారి రెన్యువల్. బండి బాడీ, సస్పెన్షన్, ఏసీ బాగుండి, 2029 తర్వాత కూడా ఉంచుకుంటానంటేనే కొత్త బ్యాటరీ వేయించండి. రెండేళ్లలో మార్చేయాలన్న ఆలోచన ఉంటే ఆ రీడింగుల కాగితం చూపించి, ధర తగ్గించి అమ్మండి. దాచి అమ్మితే ఆ భారం మీలాగే కష్టపడి కూడబెట్టుకున్న ఇంకొకరి మీద పడుతుంది.

ప్రశ్న: మా అబ్బాయి ఖతర్‌లో ఉంటాడు. ఏడాదికోసారి వస్తాడు. హైబ్రిడ్ కారు షెడ్డులోనే ఉంటుంది. మొన్న చూస్తే డోరు లాక్ కూడా రిమోట్‌తో తెరుచుకోలేదు. పెద్ద బ్యాటరీ పోయిందని, చాలా ఖర్చవుతుందని అంటున్నారు. నిజమేనా సార్?
– ఒక గృహిణి, బోధన్

జవాబు: అమ్మా, కంగారు పడకండి. రిమోట్ పనిచేయలేదంటే ముందు అనుమానించాల్సింది చిన్న 12 వోల్టుల బ్యాటరీని. కంప్యూటర్లను మేల్కొలిపి, పెద్ద బ్యాటరీని బండికి కలిపేది అదే. అది నీరసిస్తే పెద్ద బ్యాటరీ ఎంత బాగున్నా బండి లేవదు, డ్యాష్‌బోర్డు మీద ఉన్న లేని లైట్లన్నీ వెలుగుతాయి. ముందు దాన్ని పరీక్ష చేయించండి. కొన్ని మోడళ్లలో అది డిక్కీలో ఉంటుంది. అక్కడ సీలు వేసిన ప్రత్యేక రకమే వేయాలి, మామూలు కారు బ్యాటరీ పెట్టనివ్వకండి.

ఇకముందు రెండు వారాలకోసారి తెలిసినవారితో అరగంట నడిపించండి. నడిపేవారు లేకపోతే షెడ్డు తలుపులు బార్లా తెరిచి, గేరు పార్క్‌లో ఉంచి, 'రెడీ' అని వచ్చేలా ఆన్ చేసి అరగంట వదిలేయండి. న్యూట్రల్‌లో ఉంచితే పెద్ద బ్యాటరీ చార్జి కాదు.

ప్రశ్న: నాది కూడా పాత క్యామ్రీనే. ఒక్క మాడ్యూల్ పోయిందన్నరు. 34లో ఒక్కటి మార్చి తక్కువల చేసిస్తమంటున్నరు. చేయించుకోవచ్చునా?
– పసుపు రైతు, ఆర్మూర్

జవాబు: వద్దు. పదేళ్లు పైబడిన 33 మాడ్యూళ్ల మధ్య బలమైనదొక్కటి పెడితే, కోడెను ముసలెద్దుతో ఒకే కాడికి కట్టినట్టే. బలం కలవదు. కొన్ని నెలల్లో పక్కది పోతుంది, ఆ తర్వాత ఇంకోటి. ప్రతిసారీ విప్పుడు కూలి, ప్రతిసారీ బండి మూల పడటం. బండిని ఒకటి రెండు నెలలు నెట్టుకొస్తే చాలనుకుంటే తప్ప దీనికి డబ్బు పెట్టకండి. రీకండిషన్ చేసిన పూర్తి ప్యాక్ అమ్మేవాళ్లూ ఉన్నారు. మాడ్యూళ్లన్నీ కొత్తవా, పాతవాటిలోంచి ఏరినవా అని అడిగి, బిల్లు మీద రాయించుకోండి. వారంటీ కనీసం ఏడాదైనా లేకపోతే తీసుకోకండి. సిరికొండ పాఠకుడికి చెప్పిన ఆర్‌సీ లెక్క మీకూ వర్తిస్తుంది.

ప్రశ్న: మాది 2016 సియాజ్ డీజిల్, వెనక ఎస్‌హెచ్‌వీఎస్ అని ఉంది. దీనికీ లక్షల్లో ఖర్చవుతుందా?
– ఒక ఉద్యోగి, నిజామాబాద్

జవాబు: కాదు. మీది మైల్డ్ హైబ్రిడ్. అందులో ఉన్నది కాస్త పెద్ద లెడ్ యాసిడ్ బ్యాటరీయే. అది పోతే అదే రకం కొత్తది వేసుకుంటే సరిపోతుంది. భయపడాల్సిందేమీ లేదు.

ప్రశ్న: మా ఊరి మెకానిక్ చాలా పనిమంతుడు. ట్రాక్టరైనా, జేసీబీ అయినా బాగు చేస్తడు. హైబ్రిడ్ బ్యాటరీ తానే విప్పి పెడతనంటుండు. పాత బ్యాటరీకి స్క్రాప్ కింద మంచి రేటు కూడా ఇప్పిస్తడట. విప్పమనాల్నా?
– ఒక పాఠకుడు, భీమ్‌గల్

జవాబు: ఆయన పనితనం మీద నాకు గౌరవమే, కానీ ఈ పని ఆయనకు అప్పగించకండి. పెద్ద బ్యాటరీ నుంచి వచ్చేది రెండు వందల పైచిలుకు వోల్టుల డైరెక్ట్ కరెంటు. ఇన్వర్టర్ దాన్ని ఇంకా పెంచి 650 వోల్టుల దాకా తీసుకుపోతుంది. పెద్ద బ్యాటరీని విడదీసే సర్వీస్ ప్లగ్ పీకాక కూడా ఇన్వర్టర్ లోపలి కెపాసిటర్లలో చార్జి మిగిలే ఉంటుంది. కనీసం పది నిమిషాలు ఆగి, మీటరుతో చూశాకే ముట్టుకోవాలి, అదీ హైవోల్టేజీ రబ్బరు గ్లవుజులతో. ఈ పనిలో శిక్షణ పొందినవాళ్లే చేయాలి.

పాత ప్యాక్‌ను స్క్రాప్ దుకాణంలో సుత్తితో పగలగొట్టడం ఇంకా ప్రమాదం. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలను తిరిగి సేకరించే బాధ్యత తయారీదారులదే. కొత్తది కొనేటప్పుడే పాతది తీసుకోమని అడగండి, తీసుకున్నట్టు రాయించుకోండి. నారింజ రంగు తొడుగున్న తీగ ఎక్కడ కనిపించినా అది హైవోల్టేజీ తీగ. దాన్ని ముట్టుకోవద్దని మీ మెకానిక్‌కు ఈ జవాబు చదివి వినిపించండి.