సెంటర్‌కి కాదు, ముందు ఓపీకి

చి.ల.సౌ. సునీతకి మామయ్య ఆశీర్వదించి రాయునది.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి విషయమంతా చెప్పింది. మీ ఆయన రవి తాగుడు మాన్పించడానికి ఊరి బయట ఎవరో నడుపుతున్న సెంటర్లో మూడు నెలలు ఉంచుదామనుకుంటున్నావనీ, వాళ్ళడిగిన డబ్బు ఒకేసారి కట్టడానికి గొలుసు, గాజులు కుదువపెట్టబోతున్నావనీ చెప్పింది. ఫోన్లో మాట్లాడితే ఇన్ని వివరాలు గుర్తుండవు. కాగితం మీద ఉంటే ఆసుపత్రికి చేత్తో పట్టుకెళ్ళొచ్చు. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

ముందు ఒక మాట చెప్తాను. నువ్వు చేసిన తప్పేమీ లేదు. రవి చెడ్డవాడూ కాదు. తాగుడు ఒక దశ దాటాక అది అలవాటు కాదు, జబ్బు. మన దేశంలో 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుపదార్థాల వల్ల వచ్చే మానసిక స్థితుల్ని కూడా మానసిక అనారోగ్యం కిందే లెక్కగట్టింది. ఈ మాట ఓదార్పుకి చెప్పడం లేదు. జబ్బు అని ఒప్పుకుంటేనే వైద్యం అడిగే హక్కు, ఉచితంగా అడిగే హక్కు వస్తాయి. పేదరికంలో ఉన్నవాళ్ళకి చేతిలో బీపీఎల్ కార్డు ఉన్నా లేకపోయినా ప్రభుత్వ మానసిక వైద్యశాలల్లో డబ్బు తీసుకోకుండా చూడాలని ఆ చట్టమే చెబుతోంది.

నా ఉద్యోగమంతా ప్రభుత్వాసుపత్రి మందుల కౌంటర్ వెనకే గడిచింది. సైకియాట్రీ ఓపీ చీటీలు పట్టుకుని వచ్చే ఆడవాళ్ళని ఎంతోమందిని చూశాను. వాళ్ళలో చాలామంది బంగారం అయిపోయాక, అప్పు పుట్టక, అప్పుడు ఆసుపత్రికి వచ్చినవాళ్ళే. మొదటే రావలసిన చోటికి ఆఖర్న వచ్చేవాళ్ళు. నువ్వు అలా చేయకూడదని నా తపన.

తాగుడు జబ్బు ఉన్న అందరినీ ఆసుపత్రిలో చేర్చక్కర్లేదు. ఎక్కువమందికి ఇంట్లో ఉంటూ, ఓపీకి వచ్చి పోతూ చేసే వైద్యం సరిపోతుంది. 2006లో అమెరికాలో 1,383 మంది మీద ఒక పెద్ద పరిశోధన ఫలితాలు వచ్చాయి. అందరూ వచ్చి పోయే రోగులే. నాల్ట్రెక్సోన్ మాత్ర వేసుకుంటూ, డాక్టరునో నర్సునో క్రమం తప్పకుండా కలుస్తూ ఉన్నవాళ్ళు బాగా నిలబడ్డారని తేలింది. అంటే తాళం వేసిన గది వల్ల కాదు, మాత్ర వల్ల, క్రమం తప్పని రాకపోకల వల్ల మేలు జరిగింది. షుగర్ జబ్బుకి మూడు నెలలు ఎక్కడో పెట్టి, తర్వాత మందులు లేకుండా ఇంటికి పంపితే ఎలా ఉంటుందో, తాగుడికి సెంటర్లో పడేసి మళ్ళీ పట్టించుకోకపోవడం అలాగే ఉంటుంది. లోపల ఉన్నన్నాళ్ళు మందు దొరకదు కాబట్టి తాగడు. బయటికి వచ్చాక అదే వీధి, అదే షాపు, జీతం రోజు అవే స్నేహాలు. వైద్యం వీటి మధ్యనే జరగాలి.

అయితే ఒక ప్రమాదం ఉంది, దాన్ని జాగ్రత్తగా చదువు. రోజూ తాగేవాడు ఉన్నట్టుండి మానేస్తే ప్రాణం మీదికి రావచ్చు. ఆఖరి గ్లాసు తర్వాత కొన్ని గంటల్లో వణుకు, చెమట, నిద్రలేమి మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు, మూడో రోజు దాటేవేళకి కొందరికి లేనివి కనిపించడం, మనుషుల్ని గుర్తుపట్టలేకపోవడం, జ్వరం వస్తాయి. ఇది ఇంట్లో చూసుకునే పరిస్థితి కాదు. రవికి ఎప్పుడైనా ఫిట్స్ వచ్చినా, కామెర్లు ఉన్నా, చచ్చిపోతానని మాట్లాడినా, ఆ మొదటి వారం ఆసుపత్రిలో చేర్చాలి. ఆ అడ్మిషన్‌కి డబ్బు కావలసివస్తే అప్పుడు గొలుసు గురించి ఆలోచిద్దాం. ఒట్టుపెట్టించో, గదిలో పెట్టి గొళ్ళెం వేసో మీ ఇష్టానికి మాన్పించవద్దు. ఓపీకి తీసుకెళ్ళేదాకా తాగుతుంటే తాగనీ. ఈ మాట రాయడం నాకూ కష్టంగానే ఉంది, కానీ నిజం ఇదే.

ఇంకొకటి. నీరసంగా ఉన్నాడని వీధి చివరి ఆర్ఎంపీ దగ్గర గ్లూకోజు బాటిల్ ఎక్కించవద్దు. ఏళ్ళ తరబడి తాగినవాళ్ళలో చాలామందికి ఒంట్లో బీ1 విటమిన్ తక్కువగా ఉంటుంది. అది ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. ఆసుపత్రిలో ముందు థయమిన్ (బీ1) ఇంజెక్షన్ ఇచ్చేది అందుకే.

ఓపీలో ఏం జరుగుతుందో చెప్తాను. మొదటి రోజు ఎంత తాగుతాడు, ఎప్పటినుంచి, పొద్దున్నే తాగితే తప్ప చేతులు నిలబడవా అని అడుగుతారు. రక్తపరీక్ష, లివర్ పరీక్ష రాస్తారు. వణుకు తగ్గడానికి క్లోర్‌డయజిపాక్సైడ్ లాంటి మాత్రలు ఇచ్చి, వారం పది రోజుల్లో మోతాదు తగ్గిస్తూ ఆపేస్తారు. ఆ మాత్రలు నీ దగ్గర ఉంచుకో. రెండు మూడు రోజులకి సరిపడానే ఇమ్మని అడుగు. మందు మీద ఆ మాత్రలు మింగితే ఊపిరి ఆగే ప్రమాదం. ఆ వారం గడిచాక అసలు వైద్యం మొదలవుతుంది. తాగాలనే యావ తగ్గడానికి నాల్ట్రెక్సోన్ గానీ, అకాంప్రోసేట్ గానీ రాస్తారు. మొదటిది మామూలుగా రోజుకి ఒక మాత్ర. లివర్ బాగా పాడైతే ఇవ్వరు. ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు వాడేవాళ్ళకీ పనికిరాదు, కాబట్టి నడుం నొప్పికి రవి ఏం వాడుతున్నాడో తప్పకుండా చెప్పు. రెండోది రోజుకి ఆరు మాత్రలు, కిడ్నీలు బాగుండాలి. దానికి ఖర్చు ఎక్కువ అవుతుంది. మాత్రలతో పాటు కౌన్సెలింగ్ ఉంటుంది. మొదట వారం వారం, తర్వాత పదిహేను రోజులకి, నెలకి. కనీసం ఆరు నెలలు, వీలైతే ఏడాది.

డైసల్ఫిరామ్ అని ఇంకో మాత్ర ఉంది. అది వేసుకున్నవాడు తాగితే మొహం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులై, బీపీ పడిపోతుంది. ప్రాణం కూడా పోవచ్చు. అతనికి తెలిసి, అతను ఒప్పుకుని, డాక్టరు చూస్తుండగా వాడితే కొందరికి మేలు చేస్తుంది. తెలియకుండా కూరలోనో మజ్జిగలోనో కలిపితే అది హత్యాయత్నంతో సమానం. 'తాగేవాడికి తెలియకుండా మాన్పించే పొడి' అని గోడల మీద రాసేవాళ్ళు ఆ పొడిలో ఏం కలుపుతారో ఎవరికీ తెలియదు. మీ అత్తగారు అలాంటిది ఒకటి తెప్పించారని మీ అమ్మ చెప్పింది. దాన్ని ఇవాళే పారెయ్యి.

ఇక డబ్బు. రవి రోజుకి రెండు క్వార్టర్లు తాగుతాడని విన్నాను. క్వార్టరు నూటయాభై అనుకున్నా నెలకి తొమ్మిది వేలు. అతని పంతొమ్మిది వేల జీతంలో దాదాపు సగం. ఓపీ వైద్యం ఎంత ఖరీదైనా ఇంత కాదని నా నమ్మకం. వైద్యానికి డబ్బెక్కడిదని నువ్వు అడిగితే, మొదటి జవాబు ఇదే.

అతని జీతం ఇరవైఒక్క వేల లోపు ఉంది కాబట్టి ఈఎస్ఐ కట్ అవుతూ ఉండాలి. జీతం కాగితంలో ముప్పావు శాతం కోత కనిపిస్తుంది, యాజమాన్యం మూడుంపావు శాతం కడుతుంది. ఈఎస్ఐకి ఉన్న గొప్పతనం ఏమిటంటే, ఓపీ వైద్యం, మందులు దాని కిందికి వస్తాయి. మీ గాజువాకకి మల్కాపురం ఈఎస్ఐ ఆసుపత్రి దగ్గరే. అక్కడ సైకియాట్రీ ఏ రోజుల్లో ఉంటుందో ముందు కనుక్కో. డాక్టరు సెలవు సర్టిఫికెట్ ఇస్తే పనికి వెళ్ళలేని రోజులకి జీతంలో డెబ్భై శాతం వస్తుంది, ఏడాదికి 91 రోజుల దాకా. దానికి ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజుల చందా పడి ఉండాలి. పని పోతుందని భయపడి ఆసుపత్రికి వెళ్ళనివాళ్ళకి ఈ సంగతి తెలియదు. రవి పనిచేసే ఫ్యాక్టరీ హెచ్ఆర్‌లో అడిగి ఈఎస్ఐ నంబరు రాసుకో.

ఈఎస్ఐలో కుదరకపోతే విశాఖలో చినవాల్తేరు మానసిక వైద్యశాల ఉంది, కేజీహెచ్‌లో సైకియాట్రీ ఓపీ ఉంది. రెండూ సర్కారువే. పిచ్చాసుపత్రికి వెళ్తే నలుగురూ ఏమంటారోనని మీ అత్తగారు అంటారు. రవి రోడ్డు పక్కన పడిపోయిన రోజు ఆ నలుగురూ చూశారు కదా. కేంద్ర ప్రభుత్వ పథకం కింద కొన్ని ప్రభుత్వాసుపత్రుల్లో వ్యసన చికిత్సకి వేరే విభాగాలు పెట్టారు, అక్కడ మందులు కూడా ఉచితం. స్వచ్ఛంద సంస్థలు నడిపే కేంద్రాలకీ సామాజిక న్యాయ శాఖ గ్రాంటు ఇస్తుంది. మీకు దగ్గర్లో ఏది ఉందో హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేస్తే చెబుతారు.

ఆరోగ్యశ్రీ కార్డు, ఆయుష్మాన్ కార్డు మీద ఆశ పెట్టుకోవద్దు. అవి ప్రధానంగా ఆసుపత్రిలో చేరినవాళ్ళకి. ఓపీకి వెళ్ళి రావడానికి ఆయుష్మాన్ డబ్బివ్వదు.

మీ తమ్ముడు కట్టించిన ఫ్యామిలీ హెల్త్ పాలసీ ఉందన్నావు కదా, దాన్ని బయటికి తీసి 'మినహాయింపులు' అనే పేజీ చూడు. మానసిక అనారోగ్యానికి శరీర అనారోగ్యంతో సమానంగా బీమా ఇవ్వాలని 2017 చట్టం 21వ సెక్షన్ చెబుతోంది. కానీ బీమా నియంత్రణ సంస్థ 2019లో ఖరారు చేసిన ప్రామాణిక మినహాయింపుల్లో పన్నెండోది తాగుడు, మత్తుపదార్థాల వ్యసనాలకి చేసే చికిత్స. మీ పాలసీలో ఆ లైను ఉంటే డీ-అడిక్షన్ ఖర్చు రాదు. నా దృష్టిలో ఇది అన్యాయం. ఒక చేత్తో ఇచ్చిన హక్కుని ఇంకో చేత్తో లాక్కోవడం. అలాగని డాక్టరుతో 'తాగుడు అని రాయొద్దు, కడుపునొప్పి అని రాయండి' అని మాత్రం అడగవద్దు. క్లెయిమ్ పోవడమే కాదు, తప్పు వైద్యం జరుగుతుంది. రవికి డిప్రెషన్ కూడా ఉందని డాక్టరు తేలిస్తే, దానికి పాలసీలో ఏముందో విడిగా కనుక్కో.

ప్రైవేటు డాక్టరు దగ్గరికే వెళ్ళాలనుకుంటే కూడా తప్పు లేదు. మొదటిసారి చూపించినప్పుడే ఖర్చు మాట అడుగు. మందులు జనరిక్ పేరుతో రాసిమ్మను, జనౌషధి షాపులో ముందు విచారించు. ఏ పరీక్ష ఇప్పుడే కావాలి, ఏది వచ్చే నెల చేయించొచ్చు అని అడగడానికి మొహమాటపడకు. మంచి డాక్టరు విసుక్కోడు. డ్వాక్రా గ్రూపులో అప్పు మాత్రం దీనికోసం తీయకు. ఆ కిస్తీల ఒత్తిడి ఇంట్లో గొడవగా మారి మళ్ళీ సీసా దగ్గరికే నడిపిస్తుంది.

ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగులకి పైసా ఖర్చు లేదు. 1935లో అమెరికాలో ఇద్దరు తాగుబోతులు ఒకరికొకరు తోడుగా మొదలుపెట్టిన సంఘం అది. ఫీజు, చందా లేవు, పేరు కూడా అడగరు. తాగి మానేసినవాళ్ళు చెప్పే మాట, నేను చెప్పినా నువ్వు చెప్పినా ఎక్కని చోట ఎక్కుతుంది. కుటుంబాలకి అల్-అనాన్ అని వేరే ఉంది.

ఆ సెంటర్ సంగతి కూడా తేల్చేస్తాను. ఏ సెంటరైనా రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థలో రిజిస్టరు కావాలి. ఆ కాగితం చూపించమను. రోజూ వచ్చే సైకియాట్రిస్టు ఎవరు, రాత్రి ఫిట్స్ వస్తే ఎవరు చూస్తారు, వారంలో ఎన్నిసార్లు నువ్వు కలవొచ్చు, బయటికి వచ్చాక ఎవరు చూస్తారు అని అడుగు. 'మూడు నెలలదాకా ఇంటివాళ్ళు రాకూడదు' అన్నవాళ్ళని నమ్మకు. మనిషిని గొలుసుతో కట్టడం 2017 చట్టం ప్రకారం నేరం.

మందులు వాడుతూ కూడా రవి మళ్ళీ ఒకరోజు తాగొచ్చు. అప్పుడు వైద్యం పోయిందని ఏడవకు, తిట్టకు, మర్నాడే ఓపీకి తీసుకెళ్ళు. బీపీ మళ్ళీ పెరిగితే మందు మార్చినట్టే ఇక్కడా మారుస్తారు. దేశవ్యాప్తంగా చేసి 2019లో విడుదల చేసిన సర్వేలో, మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక వైద్యం అందిందని తేలింది. మిగిలిన ముప్ఫై ఏడు మంది ఇళ్ళలోనూ నీలాంటి ఆడపిల్లలే ఉన్నారు. ఆ ఒక్కడు రవి కావాలి.

ఈ ఉత్తరం రవికి చూపించు, దాచకు. నేను రాశానని చెప్పు. తాగి ఉన్నప్పుడు కాదు, పొద్దున్న టీ తాగాక. రానంటే బతిమాలి వాదించవద్దు, సునీతా. నువ్వొక్కదానివే ఓపీకి వెళ్ళు. తాగేవాడు రాకపోయినా ఇంటివాళ్ళతో మాట్లాడతారు, ఏం చేయాలో చెబుతారు. అడుగు బయట పెట్టలేని రాత్రి అయితే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చెయ్యి. ఇరవైనాలుగు గంటలూ తెలుగులో పలుకుతారు, డబ్బు పడదు. సోమవారం పొద్దున్నే బయలుదేరు తల్లీ. రవి ఆధార్, ఈఎస్ఐ నంబరు, ఇంతవరకు వాడిన మందుల చీటీలు ఒక కవర్లో పెట్టుకుని వెళ్ళు. ఏ డాక్టరు ఏం రాశారో ఫోటో తీసి నాకు పంపు, నేను చూసి చెప్తాను.

మీ మామయ్య