భాగ్యరెడ్డి వర్మ పాఠశాలలు

వికారాబాదు జిల్లాలో పరిగికి చేరువను దోమ యను ఊరు కలదు. 1948 వరకు ఆ ప్రాంతమంతయు నిజాము ప్రభువు ఏలిన హైదరాబాదు రాజ్యములోనిది. ఇండ్లలో తెలుగు, కచేరీలలో ఉర్దూ వాడుకలో నుండెను. 1918లో హైదరాబాదున ఉస్మానియా విశ్వవిద్యాలయము వెలసినప్పుడు అచటి బోధనయు ఉర్దూలోనే సాగెను. ఒక భారతీయ భాషలో ఉన్నతవిద్య గఱపుట గొప్ప సాహసమే. కాని దోమ వంటి పల్లెలోని తెలుగు బాలునకు ఆ భాష పరాయిది. వాడు మాలవాడలోనో మాదిగవాడలోనో పుట్టినవాడైనచో, అంతకుముందే వానికి మఱియొక యడ్డంకి యెదురయ్యెడిది. అది ఊరిబడి గడప.

ఆ గడపవద్ద నిలిచి బ్రతిమాలుట మాని, తమ బడి తామే కట్టుకొనవలెనని తలచినవాడు భాగ్యరెడ్డి వర్మ. ఆయన 1888 మే 22వ తేదీన హైదరాబాదులో ఒక మాల కుటుంబమున జన్మించెను. తల్లిదండ్రులు పెట్టిన పేరు భాగయ్య, ఇంటిపేరు మాదరివారు. కుటుంబ గురువు ఆ పేరును భాగ్యరెడ్డి యని మార్చెను. రేడనగా ప్రభువు. ఈ నేలకు తొలి యేలికలు మీవారేయని బాలునకు చెప్పుటకే గురువు ఆ పేరు పెట్టెనందురు. వర్మ యను బిరుదము 1913లో ఆర్యసమాజమువారు ఇచ్చినది. పేదరికమువలన ఆయన చదువు క్రమముగా సాగలేదు. ఒక న్యాయవాది యింట పనిచేయుచు కొంత విద్య సంపాదించెను.

1906లో ఆయన జగన్మిత్ర మండలిని స్థాపించెను. దాని పని మొదట బడి కాదు, హరికథలు, భజనలు. అక్షరము రాని పెద్దలకు చెవిద్వారా జ్ఞానము చేరవలెను. అప్పుడుగాని వారు బిడ్డలను బడికి పంపరు. ఈ యాలోచనలోని తెలివి గమనింపదగినది. నాలుగేండ్ల పిమ్మట, 1910లో, ఇసామియా బజారునందును లింగంపల్లియందును రెండు బడులు తెఱవబడెను. బోధన తెలుగులో జరిగెను. రాజభాష ఉర్దూగా నున్న నగరములో ఆది హిందూ బాలురకు తల్లిభాషలో చదువు దొరకెను. న్యాయమూర్తి రాయ్ బాలముకుంద్, వామన్ నాయక్ మొదలగు పెద్దలు వర్మ కృషికి అండగా నిలిచిరి. క్రమముగా బడులు పాతిక వరకు పెరిగెను. విద్యార్థులు రెండు వేలు దాటిరి.

బడులతోపాటు పేరుకొఱకు కూడ పోరాటము జరిగెను. 1917లో బెజవాడలో జరిగిన పంచమ మహాజన సభకు వర్మ అధ్యక్షత వహించెను. పంచములను మాట శాస్త్రములలో లేదనియు, తాము ఈ దేశపు ఆదివాసులమనియు ఆయన వాదించెను. సభవారు ఆది ఆంధ్రులను పేరును స్వీకరించిరి. హైదరాబాదు రాజ్యములో 1931 జనాభా లెక్కలయందు ఆది హిందువులను పేరు చేరెను.

ఇట్టి కథయే సముద్రముల కావల అమెరికాలోను నడచినది. ఈ పోలికను మహాత్మా ఫూలే ఏనాడో గుర్తించి, బానిసత్వమును తొలగించిన అమెరికా ప్రజలకు 1873లో తన ‘గులాంగిరి’ గ్రంథమును అంకితమిచ్చెను. అంతకు రెండేండ్ల ముందు, 1871లో, మిసిసిపీ రాష్ట్రము నల్లజాతివారికై ఆల్‌కార్న్ విశ్వవిద్యాలయమును నెలకొల్పెను. అమెరికా సెనేటులో కూర్చుండిన తొలి నల్లజాతీయుడు హైరం రెవెల్స్ దానికి మొదటి అధ్యక్షుడు. అది ప్రభుత్వ విద్యాలయము, కనుక గౌరవమే. కాని అదే ప్రభుత్వము ఆక్స్‌ఫర్డు పట్టణములోని తన పెద్ద విశ్వవిద్యాలయములో 1962 వరకు నల్లవారిని చేర్చుకొనలేదు. మీకు వేఱుగా నొకటి యున్నది కదా యని చెప్పుటకు ఆ ప్రత్యేక విద్యాలయమే సాకుగా నుండెను. దానికి తగిన ధనమును ఈయలేదు. ఈ యన్యాయముపై 1975లో వేసిన వ్యాజ్యమున అత్యున్నత న్యాయస్థానము 1992లోగాని తీర్పు చెప్పలేదు.

వర్మ బడులకును ఇట్టి చిక్కే వచ్చెను. కొంతకాలమునకు నిజాము ప్రభుత్వము వానిని తన విద్యాశాఖ క్రిందికి తీసికొనెను. చందాలకై తిరుగు బాధ తప్పెను. ఉపాధ్యాయునకు జీతము నిలుకడగా దొరకును. అది మేలే. అయితే అందఱి బడి తలుపు తెఱవకయే వేఱు బడిని పోషించుట సులభమైన దారి. అదియుగాక ఆ బడులు ముఖ్యముగా నగర పరిసరములందే యుండెను. దోమ పొలములలో పసులు కాచు బాలునకు అవి అందుబాటులో లేకుండెను.

వర్మ 1939 ఫిబ్రవరి 18వ తేదీన మరణించెను. 1948లో హైదరాబాదు భారతదేశమున చేరిన తరువాత ఉస్మానియాలో ఉర్దూ స్థానమున ఇంగ్లీషు బోధనాభాష యయ్యెను. అంబేద్కరు స్థాపించిన విద్యాసంఘము 1950లో, ఆనాడు హైదరాబాదు రాష్ట్రములోనిదైన ఔరంగాబాదున, ఒక కళాశాలను తెఱచెను. 1953 జనవరిలో ఉస్మానియా విశ్వవిద్యాలయము ఆయనకు గౌరవ డాక్టరు బిరుదము నొసంగెను. భాగ్యరెడ్డి వర్మ గతించి అప్పటికి పదునాలుగవ సంవత్సరము నడుచుచుండెను.