ఇంజనుకూ ఊపిరాడాలి
(పాత కార్లలో క్రాంక్‌కేస్ వెంటిలేషన్ – ఒక చిన్న పాఠం)

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడిగారు. కథలు, కవితలు నాకు చేతకావు. నాకు వచ్చింది మోటారు పని. మన హాస్టల్ నుంచి ఏటా కొందరు ఐ.టి.ఐ.లో మోటారు మెకానిక్ ట్రేడుకు వెళ్తున్నారు. మరికొందరు పాత బండి కొనుక్కుని డ్రైవింగ్ మీద బతుకుతున్నారు. ఈ రెండు రకాల వాళ్ళకూ పనికివచ్చే విషయం ఒకటి రాస్తున్నాను. దీన్ని నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు, ఒక పేదవాడి డబ్బు పోగొట్టి నేర్చుకున్నాను.

రెండుసార్లు మార్చిన సీలు

ఐ.టి.ఐ. అయ్యాక ఒక షెడ్డులో పనికి చేరాను. రెండో ఏడు ఒక మారుతి ఓమ్నీ వచ్చింది. దాని యజమానే డ్రైవరు. ఉదయం, సాయంత్రం బడి పిల్లల్ని తిప్పేవాడు. ఇంజను వెనక నుంచి ఆయిల్ కారి క్లచ్ ప్లేటు మీద పడుతోంది, ఎత్తు ఎక్కేటప్పుడు క్లచ్ జారుతోంది. నేను చూసి, ‘వెనక క్రాంక్ ఆయిల్ సీలు పోయింది’ అన్నాను. ఆ సీలు మార్చాలంటే గేర్‌బాక్సు దించాలి. దించి, కొత్త సీలు వేసి, క్లచ్ ప్లేటు మార్చి పంపాను.

పది రోజులు కాకముందే బండి మళ్ళీ వచ్చింది. అదే చోట ఆయిల్. సీలు నాసిరకం అనుకున్నాను. మళ్ళీ గేర్‌బాక్సు దించి ఇంకో సీలు వేశాను. వారం తిరిగేసరికి మూడోసారి వచ్చింది. ఈసారి డిప్‌స్టిక్ కూడా దాని చోటు నుంచి పైకి లేచి ఉంది. ‘అన్నా, ఇంజను బోరుకు వచ్చింది, మొత్తం విప్పాలి’ అని చెప్పి ఎస్టిమేటు రాసిచ్చాను. అతను ఆ కాగితం వంక చాలాసేపు చూసి, ‘తమ్ముడూ, బండి కంతు ఇంకా ఏడు నెలలు ఉంది. ఇంట్లో దాని మెడలోది తాకట్టు పెట్టాలి’ అన్నాడు.

మా ఉస్తాద్ ఆ మాట విని వచ్చాడు. ‘సీలు ఎందుకు పోయిందిరా?’ అని అడిగాడు.

‘పాతదైంది ఉస్తాద్’ అన్నాను.

‘పోయిన వారం నువ్వు వేసింది కూడా పాతదేనా?’

నా దగ్గర జవాబు లేదు. ఆయన ఇంజను మీది ట్యాపెట్ కవర్ దగ్గర చేయి పెట్టి ఒక రబ్బరు పైపు లాగాడు. అంతకుముందు ఎవరో నీళ్ళ పైపు ముక్క కోసి అక్కడ తొడిగారు. వేడి ఆయిల్‌కు అది మెత్తబడి, వంపు దగ్గర చప్పగా అతుక్కుపోయింది. పక్కనున్న చిన్న వాల్వు జిగురు పట్టి కదలడం లేదు. ఇంజనులో పుట్టే గాలి బయటికి పోయే రెండు దారులూ మూసుకుపోయాయి. ఆ ఒత్తిడి సీలును తోసుకుని ఆయిల్‌ను బయటికి నెడుతోంది. పైపు, వాల్వు కొత్తవి వేశాం. దెబ్బతిన్న సీలు మూడోసారి మార్చాం. ఇంజను విప్పలేదు. తర్వాత అక్కడ ఆయిల్ కారలేదు.

మూడోసారి కూలి మేం తీసుకోలేదు. కానీ బండి తిరగని రోజుల కూలి అతనికి ఎవరిస్తారు?

ఇంజనులో ఆ గాలి ఎక్కడిది?

సిలిండరులో పెట్రోలు, గాలి కలిసి మండినప్పుడు చాలా ఒత్తిడి పుడుతుంది. ఆ ఒత్తిడి పిస్టన్‌ను కిందికి తోస్తుంది. పిస్టన్ చుట్టూ రింగులు ఉన్నా, కొంచెం వాయువు వాటి సందుల్లోంచి కిందికి జారుతుంది. దీన్ని బ్లో-బై అంటారు. కొత్త ఇంజనులో కూడా ఇది ఉంటుంది. రింగులు అరిగే కొద్దీ పెరుగుతుంది. ఇది చేరే చోటు క్రాంక్‌కేస్, అంటే క్రాంక్ షాఫ్టు తిరిగే, అడుగున ఆయిల్ నిలిచే గది.

మన హాస్టల్ వంటగదిలో అన్నం డేగిసను గుర్తుచేసుకోండి. మూత మీద బరువు పెడితే ఏమవుతుంది? ఆవిరి మూతను ఎగదన్నుతుంది, గంజి పక్కల నుంచి పొంగుతుంది. మనం దారి ఇవ్వకపోతే అది తన దారి తాను వెతుక్కుంటుంది. ఇంజనులో ఆ దారులు సీళ్ళు, గాస్కెట్లు, డిప్‌స్టిక్ గొట్టం. డేగిస మూత తీసి చూస్తే లోపలివైపు నీటి బొట్లు ఉంటాయి. ఇంజనులోనూ అంతే, చల్లబడిన చోట ఆవిరి నీరవుతుంది.

ఇంజనులో నీరు ఎక్కడిదని అనుమానం వస్తే పదో తరగతి రసాయన శాస్త్రంతో లెక్క వేయండి. పెట్రోలు అనేక పదార్థాల మిశ్రమం. లెక్క కోసం అందులో ఒకటైన ఆక్టేన్‌ను తీసుకుందాం. 114 గ్రాముల ఆక్టేన్ పూర్తిగా మండితే 162 గ్రాముల నీరు పుడుతుంది. లీటరు పెట్రోలు సుమారు 750 గ్రాములు అనుకుంటే, దాన్నుంచి పుట్టే నీరు దాదాపు ఒక లీటరు! ఇందులో చాలావరకు సైలెన్సర్ నుంచి ఆవిరిగా పోతుంది. కొద్ది భాగం మాత్రం బ్లో-బైతో క్రాంక్‌కేస్‌లోకి దిగుతుంది. దానితోపాటు కాలని పెట్రోలు ఆవిరి, ఆమ్లం పుట్టించే వాయువులు కూడా దిగుతాయి. ఇవి బయటికి పోకపోతే ఆయిల్ పలచబడుతుంది, బేరింగులు తినేస్తాయి, నల్లటి మడ్డి పేరుకుంటుంది.

పూర్వం ఏం చేసేవారు?

పాతకాలపు ఇంజన్లకు క్రాంక్‌కేస్ నుంచి రోడ్డు వైపు దిగే ఒక గొట్టం ఉండేది. బండి పరుగెడుతుంటే గొట్టం చివర తగిలే గాలి లోపలి వాయువును బయటికి లాగేది. బండి ఆగితే ఆ లాగడం లేదు. పైగా కాలని పెట్రోలు ఆవిరి అంతా ఊరి గాలిలో కలిసేది.

అమెరికాలోని లాస్ ఏంజిలిస్ నగరాన్ని ఆ రోజుల్లో కళ్ళు మండించే పొగమంచు కమ్మేసేది. మోటారు వాహనాలు వదిలే హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండలో చర్య జరపడం వల్ల అది పుడుతోందని హాగెన్-స్మిట్ అనే శాస్త్రవేత్త 1950ల మొదట్లో చూపించాడు. కాలిఫోర్నియా రాష్ట్రం 1961లో కార్లకు క్రాంక్‌కేస్ వాయువును తిరిగి ఇంజనులోకే పంపే ఏర్పాటును తప్పనిసరి చేయాలని నిర్ణయించింది. ఆ దేశంలో కార్ల కాలుష్యాన్ని అదుపు చేయడానికి తప్పనిసరి చేసిన మొదటి ఏర్పాటు ఇదే. దీని పేరు పాజిటివ్ క్రాంక్‌కేస్ వెంటిలేషన్, క్లుప్తంగా పి.సి.వి.

పి.సి.వి. ఎలా పనిచేస్తుంది?

ఇందులో రెండు పైపులు ఉంటాయి. ఒకటి ఎయిర్ ఫిల్టర్ నుంచి శుభ్రమైన గాలిని ట్యాపెట్ కవర్‌లోకి తెస్తుంది. రెండోది లోపలి వాయువును ఇన్‌టేక్ మానిఫోల్డుకు తీసుకువెళ్తుంది. ఈ రెండో దారిలో చిన్న వాల్వు, దానిలో ఒక స్ప్రింగు, కదిలే ముక్క ఉంటాయి.

ఇంజను స్లోలో ఉన్నప్పుడు మానిఫోల్డు పీల్చే శక్తి ఎక్కువ. అది వాల్వులోని ముక్కను లాగి దారిని సన్నం చేస్తుంది. అప్పుడు బ్లో-బై కూడా తక్కువే కాబట్టి సరిపోతుంది. బండి మామూలు వేగంతో పోతున్నప్పుడు పీల్చే శక్తి తగ్గుతుంది, స్ప్రింగు ముక్కను వెనక్కు నెట్టి దారిని వెడల్పు చేస్తుంది. పూర్తిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు పీల్చే శక్తి దాదాపు ఉండదు. అప్పుడు మిగిలిన వాయువు మొదటి పైపు గుండా వెనక్కి ఎయిర్ ఫిల్టర్‌కు వెళ్ళి, అక్కడి నుంచి ఇంజనులోకి పోతుంది. మానిఫోల్డులో మంట వెనక్కి తన్నితే వాల్వు మూసుకుని, ఆ మంట క్రాంక్‌కేస్‌కు చేరకుండా ఆపుతుంది.

కొన్ని పాత బండ్లలో వాల్వు ఉండదు, ట్యాపెట్ కవర్ నుంచి ఎయిర్ ఫిల్టర్‌కు ఒకే పైపు ఉంటుంది. మీ బండికి ఏది ఉందో ముందు చూసుకోండి.

జబ్బు గుర్తులు

1. సీళ్ళు, గాస్కెట్లు మార్చినా ఆయిల్ కారడం ఆగకపోవడం, డిప్‌స్టిక్ పైకి లేవడం.
2. ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో ఆయిల్ తడి.
3. ఆయిల్ పోసే మూత అడుగున మీగడలాంటి గోధుమరంగు పదార్థం. దగ్గర దగ్గర దూరాలే తిరిగే బండిలో, ముఖ్యంగా చలికాలంలో, ఇది కొంచెం కనిపించవచ్చు. హెడ్ గాస్కెట్ పోయినా ఇలాగే ఉంటుంది కాబట్టి రేడియేటర్ నీళ్ళు తగ్గుతున్నాయేమో కూడా చూడాలి.
4. స్లోలో ఇంజను నిలకడగా లేకపోవడం, ఈల శబ్దం. పైపు చిట్లి బయటి గాలి లోపలికి పోతోందన్నమాట. చాలామంది ఇక్కడ కార్బొరేటర్ స్క్రూ తిప్పుతారు. ముందు చిట్లిన పైపు మార్చాలి, తర్వాతే స్క్రూ.

పరీక్షించే పద్ధతి

మూడు పరీక్షలు చాలు, ఖర్చు లేదు.

మొదటిది ఊపి చూడటం. ఇంజను ఆపి, చల్లారాక వాల్వు ఊడదీసి చెవి దగ్గర ఊపండి. లోపలి ముక్క టకటకలాడాలి. చప్పుడు లేకపోతే జిగురు పట్టేసినట్టే.

రెండోది వేలు పెట్టి చూడటం. వాల్వును పైపుకే ఉంచి, ట్యాపెట్ కవర్ నుంచి మాత్రం తీసి, ఇంజను స్లోలో నడపండి. వాల్వు నోటికి వేలు పెడితే గట్టిగా పీల్చాలి. పీల్చకపోతే వాల్వో, పైపో, మానిఫోల్డు రంధ్రమో మూసుకుపోయింది.

మూడోది కాగితం పరీక్ష. ఇంజను వేడెక్కాక స్లోలో ఉంచి, ఆయిల్ పోసే మూత తీసి, పలచటి కాగితం ఆ రంధ్రం మీద పెట్టండి. శుభ్రగాలి పైపును నొక్కి పట్టుకుంటే కాసేపటికి కాగితం లోపలికి లాగినట్టు అంటుకోవాలి. ఎగరేస్తే లోపల ఒత్తిడి ఉన్నట్టు. వాల్వు లేని బండిలో కాగితం కొంచెం అదరడం మామూలే. ఈ పరీక్షలో యాక్సిలరేటర్ తొక్కకండి, ఆయిల్ చిందుతుంది.

ఇంజను నడుస్తుండగా ఫ్యాను, బెల్టు దగ్గర చేతులు, తువ్వాలు, చున్నీ జాగ్రత్త. తలుపులు మూసిన షెడ్డులో ఇంజను నడపవద్దు, పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. బీడీ, సిగరెట్ దగ్గరకు రానివ్వకండి.

శుభ్రం చేయడం

రబ్బరు పైపును వేడి సబ్బునీటితో లోపల కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి. కిరోసిన్‌లో నానబెడితే రబ్బరు ఉబ్బుతుంది. గట్టిపడినా, మెత్తబడినా, పగిలినా పైపు మార్చడమే. ఆయిల్‌కు తట్టుకునే పైపే వేయాలి. నీళ్ళ పైపు ఏం చేస్తుందో పైన చెప్పాను.

వాల్వును కార్బొరేటర్ క్లీనర్‌తో కడగవచ్చు. ముక్క స్వేచ్ఛగా కదలకపోతే కొత్తది వేయండి. ఆ బండికి చెప్పిన వాల్వే వేయాలి. చూడటానికి ఒకేలా ఉన్నా ఒక్కో ఇంజనుకు దారి కొలత వేరు.

ట్యాపెట్ కవర్ లోపల ఆయిల్ తుంపర్లను ఆపే రేకు లేదా జాలీ ఉంటుంది. చాలామంది మరిచిపోయేది దీన్నే. కవర్ తీసినప్పుడు కిరోసిన్‌తో కడిగి ఆరబెట్టండి. చివరగా ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ మార్చండి, మురికి ఆయిల్ ఉంచితే చేసిన పని సగమే.

ఎయిర్ ఫిల్టర్‌లోకి ఆయిల్ వస్తోందని కొందరు పైపు పీకి రోడ్డు మీదికి వదిలేస్తారు. ఫిల్టర్ శుభ్రంగా కనిపిస్తుంది, కానీ అది 1961కి ముందు కాలానికి వెళ్ళడమే. విషవాయువు బయటికి, దుమ్ము లోపలికి.

పైపా, రింగులా?

ఇంత చేసినా ఒత్తిడి తగ్గకపోతే, నీలిరంగు పొగ వస్తుంటే అప్పుడు రింగులను అనుమానించాలి. కంప్రెషన్ గేజీతో కొలిచి, తక్కువ చూపిన సిలిండరులో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్ళీ కొలవండి. రీడింగు బాగా పెరిగితే రింగులో, బోరో అరిగినట్టు. పెరగకపోతే వాల్వులు, హెడ్ గాస్కెట్ చూడాలి. ఇంజను విప్పాలనే మాట ఈ పరీక్ష తర్వాతే నోట్లోంచి రావాలి.

చివరిమాట

మారుతి 800 తయారీ 2014లో, ఓమ్నీ తయారీ 2019లో ఆగిపోయాయి. అయినా అవి మన ఊళ్ళలో ఇంకా తిరుగుతున్నాయి. కొత్తది కొనలేనివాళ్ళే వాటిని నడుపుతున్నారు. ఆయిల్ మార్చిన ప్రతిసారీ ఈ పైపు, వాల్వు చూస్తే పది నిమిషాల పని. చూడకపోతే ఏమవుతుందో ఆ ఓమ్నీ అన్నకు తెలుసు.

మెకానిక్ అయ్యే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! పాడైన వస్తువును మార్చడం ఎవరైనా చేస్తారు. అది ఎందుకు పాడైందో అడిగిన తర్వాతే స్పానర్ పట్టండి. ఆ ప్రశ్న నేను మొదటి రోజే అడిగి ఉంటే, ఒక ఇంట్లో తాకట్టు మాట వచ్చేదే కాదు.

మీరే జవాబు చెప్పండి
1. కొత్త ఇంజనులో కూడా బ్లో-బై ఎందుకు ఉంటుంది?
2. స్లోలో పి.సి.వి. వాల్వు దారి సన్నగా ఎందుకు ఉండాలి?
3. 38 గ్రాముల ఆక్టేన్ మండితే ఎన్ని గ్రాముల నీరు పుడుతుంది?
4. కొత్త సీలు వేసినా ఆయిల్ కారుతుంటే మొదట ఏం చూస్తారు?

– ఒక పూర్వ విద్యార్థి, మోటారు మెకానిక్