ఇంటర్న్‌షిప్‌కు సోమశిలకే రా, బిడ్డా

సోమశిల



డీపీఎస్‌ఈ (ప్రీస్కూల్ ఎడ్యుకేషన్ డిప్లొమా)లో ఇంటర్న్‌షిప్ దగ్గర పడిందనీ, హైదరాబాద్‌లో పేరున్న ప్లేస్కూలు చూసుకోవాలా, మన దిక్కు అంగన్‌వాడీకి రావాలా తేల్చుకోలేక కిందామీదా పడుతున్నావనీ మీ అమ్మ చెప్పింది. ఫోన్‌లో చెప్తే అటు విని ఇటు మరిచిపోతావు, అందుకే రాస్తున్నా. నా మాట ముందే చెప్పేస్తా: మొదటిది సోమశిలలో చెయ్యి. పట్నం తర్వాతైనా దొరుకుతుంది.

ఈ ఊరి సంగతి నీకు తెలుసు. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో పాత ఊరు మునిగితే గుళ్లను విప్పి తెచ్చి పైన కట్టుకున్నాం. జలాశయం 885 అడుగులకు నిండిందంటే కృష్ణ వాకిట్లోకి వచ్చినట్టే ఉంటుంది. ఎండాకాలం నీళ్లు దూరం జరిగితే బురద, గుంతలు మిగులుతాయి. చూడవచ్చినవాళ్లు ఫొటోలు తీసుకునే ఆ నీళ్లంటేనే ఇక్కడి తల్లులకు రోజూ భయం. తల్లి మామిడి తోటకో పత్తి చేనుకో కూలికి పోతుంది. తండ్రి పుట్టి వేసుకుని వలకు పోతాడు. నడక వచ్చిన రెండేళ్ల పిల్ల ఎవరి దగ్గర ఉంటుంది? మోకాళ్ల నొప్పుల నాయనమ్మ దగ్గర, లేకుంటే ఏడేళ్ల అక్క దగ్గర. పిల్లల సంరక్షణ అనే నీ చదువుకు అసలు ప్రశ్న ఇదే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో నీట మునిగి చనిపోయేవాళ్ల మీద ఒక నివేదిక తెచ్చింది. అందులో చెప్పిన పది పనుల్లో ఒకటి, బడి ఈడు రాని పిల్లలకు నీటికి దూరంగా, పెద్దవాళ్ల కంటిముందు ఉండే చోటు చూపించడం. బంగ్లాదేశ్ పల్లెల్లో 'ఆంచల్' పేరుతో అట్లాంటి కేంద్రాలే నడిపారు. పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం ఒంటిగంట దాకా, తల్లులకు పనిలో తల ఎత్తే తీరిక లేని వేళ, పసివాళ్లను ఒకచోట చేర్చి చూసుకున్నారు. అక్కడ ఆటలూ ఉన్నాయి, పాటలూ ఉన్నాయి. అన్నిటికన్నా ముందు పని పిల్ల క్షేమంగా ఇల్లు చేరడం. ప్లేస్కూలు గోడల మధ్య ఈ సంగతి అంత త్వరగా తలకెక్కదు. నది ఒడ్డున మొదటి రోజే ఎక్కుతుంది.

వచ్చాక మొదటి వారం పాఠం చెప్పాలని ఆరాటపడకు. రంగురంగుల చార్టులు కట్టడం తర్వాత చూద్దాం. ఒక్క పిల్లను ఎంచుకుని చూడు. వెనక నుంచి పిలిస్తే తిరుగుతుందా? గుడ్డు మొత్తం తింటుందా, తెల్లసొన తిని పచ్చసొన వదిలేస్తుందా, కొంగులో దాచి తమ్ముడికి తీసుకుపోతుందా? ఎవరి పక్కన కూర్చోవడానికి జంకుతుంది? ఇవన్నీ నోట్‌బుక్‌లో రాసుకో. 'అల్లరి పిల్ల', 'మొండి పిల్ల' అని మాత్రం రాయకు. ఏం చేసిందో అదే రాయి. 'పక్కపిల్ల చేతిలో బొమ్మ లాక్కుంది, ఆమె ఏడిస్తే తిరిగి ఇచ్చింది' అని రాస్తే ఆ పిల్ల నీకు సగం అర్థమైనట్టే. సూపర్‌వైజర్‌గా ఎన్నో కేంద్రాలు తిరిగిన దాన్ని, చెప్తున్నా: మంచి టీచర్లందరిలోనూ నాకు కనబడిన గుణం ఈ చూపే.

కొలతలు కూడా శ్రద్ధగా నేర్చుకో. బరువు తూచేముందు ముల్లు సున్నా మీద ఉందో లేదో చూడు. రెండేళ్లలోపు పిల్లను పడుకోబెట్టి పొడవు కొలవాలి, రెండేళ్లు దాటితే నిలబెట్టి ఎత్తు కొలవాలి. ఒకే పిల్లను రెండు తీర్లా కొలిస్తే సుమారు 0.7 సెంటీమీటర్ల తేడా వస్తుంది. ఆరు నెలలు దాటి ఐదేళ్లలోపు పిల్ల దండ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కన్నా తక్కువ ఉంటే అది తీవ్ర పోషణ లోపం, ఆ రోజే ఏఎన్ఎంకు చెప్పాలి. 12.5 లోపు ఉంటే కూడా ఊరుకోకూడదు. రిజిస్టర్ నింపడానికి అందాజాగా వేసిన ఒక్క అంకె ఒక పిల్ల ఆకలిని కప్పేస్తుంది.

ఆయాను గురువుగా చూసుకో. సర్టిఫికెట్ లేదని చిన్నచూపు చూడకు. ఏడ్చే పిల్లను ఎట్లా ఎత్తుకోవాలో, ఎప్పుడు ఎత్తుకోకుండా పక్కన కూర్చుంటే చాలో, ఒళ్లు వెచ్చబడితే ముందు ఎక్కడ చెయ్యి పెట్టి చూడాలో ఆమెకు తెలుసు. ఇంకో మాట. కొత్తగా చేరిన పిల్ల ఆటలో పడగానే తల్లిని చాటుగా పంపించేసే అలవాటు చాలాచోట్ల ఉంది. అది వద్దు. 'పోయొస్తా, అన్నం వేళకు వస్తా' అని తల్లి చెప్పే పోవాలి, చెప్పిన వేళకు రావాలి. పిల్ల నాలుగు రోజులు ఏడుస్తుంది, ఐదో రోజు నమ్ముతుంది. చాటుగా పోతే ఏడుపు ఆగినా భయం మిగులుతుంది.

అన్నం దగ్గర కూడా కళ్లు తెరిచి ఉండు. ఏ పిల్ల పళ్లెం వేరుగా పెడుతున్నారు, ఏ పిల్లను చివర కూర్చోబెడుతున్నారు గమనించు. నువ్వు ఉన్నన్నాళ్లూ ఆ పిల్ల పక్కనే కూర్చుని తిను.

తల్లిదండ్రులు ఏబీసీడీలు రాయించమని అడుగుతారు. వాళ్లను తప్పు పట్టకు. తాము చదువుకోలేదన్న బాధతో అడుగుతారు. కానీ మూడేళ్ల వేళ్లకు పెన్సిల్ కన్నా ముందు మట్టి, గింజలు, నీళ్లు కావాలి. 2020 జాతీయ విద్యావిధానం కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా ఒకే పునాది దశగా పెట్టి ఆటకే పెద్దపీట వేసింది. ఇది కొత్త సంగతేం కాదు. గిజూభాయి బధేకా 1920లోనే భావనగర్‌లో బాలమందిరం నడిపాడు. ఆయన 'పగటికల' తెలుగులో ఉంది, వచ్చేలోపు చదువు. తారాబాయి మోదక్ 1945లో బోర్డీలో పల్లె పిల్లల బడి మొదలుపెట్టింది. తర్వాత కోస్‌బాడ్‌లో ఆమె, అనుతాయి వాఘ్ వార్లీ గిరిజన పిల్లల వాకిళ్లకే బడిని తీసుకుపోయారు. 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో అంగన్‌వాడీల పథకం ఐసీడీఎస్ మొదలుకావడానికి ఎంతో ముందే ఆ దారి వేసిన ఆడవాళ్లు వాళ్లు.

ఇక జీతం సంగతి, దాచను. 2021 నుంచి తెలంగాణలో అంగన్‌వాడీ టీచర్‌కు 13,650, ఆయాకు 7,800 రూపాయల గౌరవ వేతనం. చేసే పనికి అది చాలదు, చాలదనే 2023లో సమ్మె చేశారు. వాళ్లకు గ్రాట్యుటీ హక్కు ఉందని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. ప్రైవేటు ప్లేస్కూళ్లలో కొన్నిచోట్ల అంత కూడా ఇవ్వరు. అందుకే డీపీఎస్‌ఈతో ఆగకు. హోంసైన్స్ దిక్కు డిగ్రీ చెయ్యి. 2022లో 181 సూపర్‌వైజర్ పోస్టులకు నోటిఫికేషన్ వచ్చినప్పుడు అట్లాంటి డిగ్రీలే అడిగారు. యాభై మంది, అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే సంస్థలకు క్రెష్ ఉండాలని 2017లో ప్రసూతి ప్రయోజన చట్టాన్ని సవరించారు, అక్కడా ఉద్యోగాలున్నాయి. చేరేముందు ఒక్కో మనిషి ఎంతమంది పిల్లల్ని చూసుకోవాలో అడుగు. నీ స్నేహితురాలు పోతానంటున్న ఆస్ట్రేలియాలో రెండేళ్లలోపు పిల్లలు నలుగురికి ఒకరు ఉండాలి. అక్కడ పిల్లల సంరక్షణలో సర్టిఫికెట్ త్రీ చదివేవాళ్లు కనీసం 160 గంటలు, డిప్లొమా వాళ్లు 280 గంటలు పిల్లల మధ్య పనిచేస్తేనే కోర్సు పూర్తయినట్టు. మన దగ్గర సంతకాలతో సరిపెట్టే ఇంటర్న్‌షిప్‌లున్నాయి. నువ్వు ఆ దారి పట్టకు.

నా మనసులో ఉన్న పెద్ద మాట ఇంకొకటి ఉంది. మన పాలమూరోళ్లు బొంబాయి, పుణె, హైదరాబాద్ ఎక్కడికైనా వలసపోయి బిల్డింగులు కడతారు. వాళ్ల పిల్లలు ఇసుక కుప్పల మీద, ఇనుప చువ్వల మధ్య పెరుగుతారు. 1969లో ఢిల్లీలో ఇట్లాంటి పిల్లల్ని చూసి తట్టుకోలేక మీరా మహదేవన్ 'మొబైల్ క్రెషెస్' మొదలుపెట్టింది. యాభై మందికి పైగా ఆడకూలీలున్న నిర్మాణాల దగ్గర ఆరేళ్లలోపు పిల్లలకు గదులు ఉండాలని నిర్మాణ కార్మికుల 1996 చట్టం చెప్పింది. ఐదుగురు పసిపిల్లలు తల్లుల వెంట వస్తే వాళ్లను చూసుకోవడానికి ఒక మనిషిని పెట్టాలని ఉపాధి హామీ చట్టంలోనూ రాశారు. 2022 నుంచి అంగన్‌వాడీలోనే క్రెష్ నడిపే 'పాల్నా' పథకం కూడా వచ్చింది. కాగితం మీద అన్నీ ఉన్నాయి. నడిపే మనుషులు కావాలి. మూడేళ్లలోపు పిల్లలకు ఇప్పటికీ ఎక్కువగా అందేది ఇంటికిచ్చే బాలామృతం ప్యాకెట్, గుడ్లే. పగలంతా చూసుకునే మనిషి దొరకడం లేదు. నీ చదువు ఆ లోటు తీర్చే దిక్కు పోవాలని నా కోరిక.

కొన్ని జాగ్రత్తలు. పిల్లల ఫొటోలు నీ స్టేటస్‌లో పెట్టకు, ఎంత ముద్దొచ్చినా సరే. ఒక ఇంట్లో విన్న సంగతి ఇంకో ఇంటికి మోయకు. కానీ పిల్ల ఒంటి మీద ఎవరో చెయ్యి వేశారని అనుమానం వస్తే ఎవరి పరువూ చూడకు. టీచర్‌కు చెప్పు, 1098కి ఫోన్ చెయ్యి. పోక్సో చట్టం ప్రకారం తెలిసీ చెప్పకపోవడం నేరం.

కొల్లాపూర్ దాకా బస్సులో వచ్చెయ్, నేను వచ్చి తీసుకుపోతా. కాలేజీ ఉత్తరం మీద ప్రిన్సిపాల్ సంతకం, ఐసీడీఎస్ ప్రాజెక్టు అధికారి సీడీపీఓ అనుమతి రెండూ ముందే చేతిలో పెట్టుకో. పెద్దమ్మ ఉంది కదా, మాట్లాడుకుంటుంది అనుకోకు. అనుమతి లేని మనిషిని, నా బిడ్డవైనా సరే, పసిపిల్లల మధ్య కూర్చోనివ్వరు. కూర్చోనివ్వకూడదు.

నీ పెద్దమ్మ