బట్టమేకపిట్టకు పటము గీయుట

భూగోళపాఠము చెప్పునపుడు, సర్వేపటముపై పచ్చరంగు గలచోటు అడవియనియు, పసుపురంగు గలచోటు సాగుభూమియనియు, రంగులేక తెల్లగా విడిచినచోటు బంజరనియు మేము పిల్లలకు నేర్పుచుందుము. పాఠము సరియైనదే. కాని "బంజరు" అనుమాట వినగానే "పనికిరాని నేల" యని పిల్లలు వ్రాసికొందురు. ఆ తెల్లని చోటులే తన యిల్లుగా గల యొక పక్షిని గూర్చి యిచ్చట కొంత వ్రాయదలచితిమి.

బట్టమేకపిట్ట యెగురు పక్షులలో మిక్కిలి బరువైన వానిలో నొకటి. పోతు మూడడుగుల యెత్తును, 15 కిలోగ్రాముల వరకు బరువును గలిగియుండును. అది చెట్టునెక్కదు, గూడు కట్టదు. బయలునేలపై సాధారణముగా ఏడాది కొక్కటే గ్రుడ్డు పెట్టును. పెట్ట యొంటరిగా దానిని ఇంచుమించు నాలుగు వారములు పొదుగును. కుక్కయో, నక్కయో, కాకియో ఆ గ్రుడ్డును హరించినయెడల ఆ యేటి సంతానము పోయినట్లే. మిడుతలు, పేడపురుగులు, తొండలు, రేగుపండ్లు, వేరుసెనగకాయలు, జొన్నగింజలు దీని యాహారము. ఇందు సగము గడ్డిబీడులో దొరకును, సగము రైతు చేనిలో దొరకును. ఈ సంగతి చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను. తక్కిన కథయంతయు దీనిపైననే నిలిచియున్నది.

కర్నూలు జిల్లానుండి 2022వ సంవత్సరమున విడివడిన నంద్యాల జిల్లాలో రోళ్లపాడను గ్రామము కలదు. 1980 తరువాతి సంవత్సరములలో బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమువారు అచ్చట నిలిచి యీ పక్షి నడవడిని పరిశీలించిరి. 1988వ సంవత్సరమున 6.14 చదరపు కిలోమీటర్ల నేల దానికి అభయస్థానమయ్యెను. లెక్కవేసి చూడుడు: ప్రక్క కించుమించు రెండున్నర కిలోమీటర్లు గల చతురస్రము. మన విద్యార్థి యొకడు అరగంటలో నీ కొననుండి యా కొనకు నడిచిపోగలడు. అంత పెద్దపక్షికి అంత చిన్న నేల యెట్లు చాలును? ఆ దినములలో చాలినట్లు కనబడెను. ఏలయన గట్టు దాటినంతనే జొన్న, కొఱ్ఱ, వేరుసెనగ చేలును, బీడులును ఉండెను. పక్షి గడ్డిలో ఆడి, గ్రుడ్డుపెట్టి, చేలలో మేసెడిది. పటముపై గీతయుండెను గాని పక్షికి ఆ గీత తెలియదు.

తరువాత గీతకు లోపల కావలి యేర్పడెను, గడ్డి పెరిగెను, కృష్ణజింకలు మందలు మందలుగా వృద్ధిచెందెను. గీతకు వెలుపల కాలువనీరు వచ్చెను. మెట్టపైరులున్న చోటులలో ప్రత్తి మొదలగు పైరులు వచ్చెను. వానితో పురుగుమందులును వచ్చెను. జింకలు చేలపైబడి మేయగా రైతులు అభయస్థానముపై కోపగించిరి. వారిని నిందించుటకు మాకు నోరు రాదు. నీరు వచ్చినపుడు మెట్టజొన్ననే నమ్ముకొని కూర్చుండుడని యెవరు చెప్పగలరు? కాని ఫలితమేమనగా, నేడచ్చట బట్టమేకపిట్ట కనబడుట మిక్కిలి యరుదు. దేశమంతట అడవిబ్రదుకున నున్నవి 150కి లోపుగనే యుండునని యెంచుచున్నారు. వానిలో నధికభాగము రాజస్థానమునందలి జైసల్మేరు ప్రాంతముననే యున్నవి.

ఇట్టి పక్షికి పటమెట్లు గీయవలెను? పులి సంగతి వేరు. నల్లమలనుండి శేషాచలమునకు పోవు పులికి మరుగునిచ్చు అడవిబాట యొకటి తెగక యుండవలెను. బట్టమేకపిట్ట కట్లు కాదు. ఒక గడ్డిబయలునుండి మఱియొకదానికి ఎగిరిపోవుచు నడుమ దిగుటకు విశాలమైన చోటులుండిన చాలును. ఏటిలో దాటుటకు వేసిన రాళ్లవలె అవి యుండవలెను. కావున మొదట గడ్డినేలలను గుర్తింపవలెను. రెవెన్యూ లెక్కలలో వానికి బంజరని పేరున్నను సరే. పిమ్మట ఏ చేనిలో ఏ నెలలో ఏ పైరుండునో వ్రాయవలెను. జొన్న కోసిన చేను మాఘమాసమున పక్షికి భోజనశాల. అదే చేనిలో ప్రత్తి పెట్టినయెడల అది మూసిన తలుపు. ఒక్క పటము చాలదు, నెలకొక పటము కావలెను. ఆపైన కాలువలు, రోడ్లు, ఊరకుక్కలు తిరుగు తావులు, అన్నిటికంటె ముఖ్యముగా విద్యుత్తు తీగెలు. ఈ పక్షి కన్నులు తలకు ప్రక్కలనుండుటచే ఎదుటనున్న తీగె దానికి సరిగా కనబడదు. బరువైనదగుటచే చప్పున తిరుగనులేదు. తీగెలకు తగిలి చచ్చుచున్నందున 2021లో సుప్రీముకోర్టువారు రాజస్థాన, గుజరాతులయందు తీగెలను భూమిలో పాతవలెనని యుత్తరువిచ్చిరి. 2024లో ఆ యుత్తరువును సడలించి, నిపుణుల సంఘమును నియమించిరి.

ఇచ్చట మా తప్పు నొకటి ఒప్పుకొనవలెను. బయలు కనబడినచోట నెల్ల మొక్కలు నాటుడని మేము పిల్లలకు బోధించుచు వచ్చితిమి. ఊరిలో, బాటప్రక్కల అది మంచిపనియే. గడ్డిబయలులో మాత్రము వరుసగా చెట్లు నాటుట బట్టమేకపిట్టను వెళ్లగొట్టుటయే. అది దూరమునుండియే శత్రువును చూడగల తెఱపినేలను కోరును.

ఈ పాఠము ముగియుసరికి ఎనిమిదవ తరగతిలోని యొక రైతుబిడ్డ లేచి, "అయ్యగారూ, జింకలు మేసిన చేనికి డబ్బెవరిస్తారు? పటంలో అదెక్కడ వేయాలి?" అని యడిగెను. తరగతి నవ్వెను. మేము నవ్వలేకపోతిమి. నిజమునకు అది వేయవలసిన గడియే. ఏ చేను పక్షికి మేలుచేయునో గుర్తించినవారు, ఆ చేనివానికి కలుగు నష్టమెంతయో, గ్రుడ్లుపెట్టు నెలలలో బీడు విడిచినందుకు అతనికేమి ముట్టవలెనో కూడ ఆ పటముననే చూపవలెను. చూపనిచో, రోళ్లపాటిలో జరిగినదే మరల జరుగును.

2019వ సంవత్సరమునుండి జైసల్మేరు ప్రాంతమున అడవినుండి తెచ్చిన గ్రుడ్లను పొదిగించి పిల్లలను పెంచుచున్నారు. పెరిగిన పిల్లలను ఏనాటికైనను విడువవలెను గదా. ఎచ్చట విడుతురు? ఆ ప్రశ్నకు పటమే యుత్తరము చెప్పవలెను.

ఈ సెలవులలో ఎనిమిదవ తరగతివారు తమ తమ గ్రామములకు బీడులు, పైరులు, తీగెలు చూపు పటములను గీసి తేవలెనని చెప్పియున్నాము. నష్టము వ్రాయుటకు ప్రక్కన నొక గడి విడువవలెను. తలిదండ్రులు, ముఖ్యముగా పొలము దున్నువారు, ఆ గడిని తామే నింపి పంపవలసినదిగా ప్రార్థించుచున్నాము.